మా మేనమామను నేను కొట్టిన సంగతి

ఆ రోజుల్లో షోలాపూర్ భవానిపేటలో ఈడొచ్చిన పిల్ల తెల్లచీర కట్టుకుని గల్లీలోకి వస్తే ముసలివాళ్లు ఆపి మరీ పరామర్శించేవారు. "అయ్యో బిడ్డా, గింత చిన్న వయసుల మొగుడు పోయిండా?" అని అడిగేవారు. "లేదవ్వా, నర్సు పని నేర్చుకుంటున్న" అంటే, "గట్లనా, పాపం" అని ఇంకాస్త ఎక్కువ జాలిపడి వెళ్లిపోయేవారు. ఇప్పుడు మా గల్లీలో ఎటు చూసినా నర్సులే, వాళ్లను చూసి ఎవరూ జాలిపడటం లేదు. (వాళ్ల జీతాలు విన్నప్పుడు నామీద నాకే జాలి వేస్తుంటుంది, అది వేరే కథ.) నా తెల్లచీర మాత్రం ఒక దశలో ఊడిపోవడానికి సిద్ధంగా ఉండింది. అది నిలిచిందా పోయిందా అన్నది చివరికి మా మేనమామ ఒంటినొప్పుల మీద ఆధారపడిందంటే మీకు నవ్వొస్తుంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

నాకు ఊహ తెలియకముందే నాన్న పోయాడు. అమ్మ బీడీలు చుట్టి నన్ను పెంచింది. మా ఇద్దరికీ పెద్దదిక్కు అమ్మ తమ్ముడే, అంటే నా మేనమామ. ఆయనకు పేటలో మగ్గాల షెడ్డు ఉండేది, చద్దర్లు నేయించేవాడు. మనిషి మహా గంభీరం. ఆయన షెడ్డు గుమ్మంలో నిలబడి ఒక్కసారి గొంతు సవరించుకుంటే మగ్గాల మీద ముచ్చట్లు ఆగిపోయేవి. అంతటి మనిషి ఇంట్లో మా అత్త ముందు కూర్చుంటే ఆయన ఉన్నట్టే తెలిసేది కాదు. అత్త చెప్పేది, మామ నేల చూసేవాడు, అంతే, ఆ ఇంట్లో నిర్ణయం జరిగిపోయినట్టు. నేను పుట్టినప్పుడే వాళ్ల కొడుకుకు నన్ను అనుకున్నారు. బావ మీద నాకు అప్పుడూ ఫిర్యాదు లేదు, ఇప్పుడూ లేదు. (గురక సంగతి పక్కనపెడితే.) ఇబ్బందల్లా ముహూర్తంతోనే వచ్చింది. నా నర్సు చదువుకు ఇంకా ఏడాది ఉంది. అత్తేమో ఈ వైశాఖంలోనే పెళ్లి కావాలి, పెళ్లయ్యాక ఆస్పత్రి బంద్ కావాలి అని పట్టుబట్టింది.

"ఇంట్ల మగ్గాలకు నూలు కండెలు చుట్టేతందుకు చేతులు లేక నేను సస్తున్న. గీమె పోయి ఎవలెవలివో పుండ్లు కడుగుతదట" అన్నది అత్త, మా ఇంటికొచ్చి, నా ముందే, నాకు కాదన్నట్టు అమ్మతో. నేను మామ వైపు చూశాను. ఒక్క మాట అంటాడేమోనని చూశాను. ఆయన యథాప్రకారం నేల చూశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఏందీ మామా, షెడ్డుల పులి లెక్క ఉంటవు, ఇంట్ల నోరే లేదా నీకు" అనేసి, అమ్మ పోసిన చాయ్ కూడా తాగకుండా డ్యూటీకి వెళ్లిపోయాను. ఆ మాట గల్లీలో చాలామంది విన్నారు. మా గల్లీలో గోడలు అంత పలచన.

సరిగ్గా ఆ గొడవల్లోనే మామకు హెర్నియా ముదిరింది. మగ్గాలకు ఎక్కించే బరువైన నూలు బీములు ఎత్తీ ఎత్తీ పొత్తికడుపు పక్కన గడ్డలా పొడుచుకొచ్చింది. ఆపరేషన్ చేయాలన్నారు, అదీ నేను నేర్చుకుంటున్న ఆస్పత్రిలోనే. ఇంటిల్లిపాదికీ భయం పట్టుకుంది. నాకు మాత్రం, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గాని, లోపల ఎక్కడో గర్వం పట్టుకుంది. అప్పటిదాకా వీళ్లెవరికీ అక్కర్లేని నా చదువు గురించి ఇప్పుడు అందరూ అడగటం మొదలుపెట్టారు. మామ వాకిట్లో చాటల్లో బీడీ ఆకు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ల మధ్య నిలబడి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. కొత్తగా పూనా నుంచి ఒక డాక్టరు వచ్చాడని, మత్తిచ్చే పని ఆయనదని, ఆయన దగ్గర కొత్తరకం సూదిమందు ఉందని, దాని పేరు సక్సినైల్‌కోలీన్ అని చెప్పాను. ఆ పేరును వాళ్ల చేత పలికించాలని కూడా చూశాను.

"ముందు నిద్రపట్టే సూది ఇస్తరు. ఎనుక ఈ మందు ఎక్కిస్తరు. ఒంట్ల ఉన్న కండలన్ని పట్టు ఇడుస్తయి. మనిషి చెయ్యి ఎత్తలేడు, కాలు కదపలేడు, ఆఖరికి ఊపిరి గూడ తీసుకోలేడు, డాక్టరే సంచి ఒత్తి ఊపిరి ఊదుతడు. అప్పుడు మనం ఏం జేసినా ఆ మనిషికి తెల్వనే తెల్వదు" అన్నాను. చివరి వాక్యం అక్కర్లేదు. నాటకీయంగా ఉంటుందని కలిపాను. ఆడవాళ్లందరూ బీడీలు చుట్టడం ఆపి నా వైపు చూశారు. నా తెలివికి అబ్బురపడి చూశారనుకున్నాను.

ఆపరేషన్ రోజు మా పెద్ద సిస్టర్ నన్ను థియేటర్‌లో ఉంచింది. సొంత మనిషి అని తెలిసే ఉంచింది, చేయి వణుకుతుందో లేదో చూడటానికి. మామ నిద్రపోయాక పూనా డాక్టరు రెండో సూది ఇచ్చాడు. ఆ తర్వాత జరిగేది పుస్తకంలో చదివాను గాని కళ్లతో చూడటం అదే మొదలు. ముందు కనురెప్పలు అదిరాయి, తర్వాత మెడ, భుజాలు, ఛాతీ, తొడలు, పిక్కలు. చర్మం కింద చీమలబారు పరుగెత్తినట్టు ఒళ్లంతా సన్నగా కదిలిపోయింది. నేను హడలిపోయి మామ భుజాలు రెండు చేతులా అదిమి పట్టుకున్నాను. "సోడ్ సోడ్" అన్నాడు డాక్టరు నవ్వుతూ, వదిలెయ్, దానంతట అదే ఆగుతుందని. ఆగింది. షెడ్డునంతటినీ ఒక్క గొంతు సవరింపుతో ఆపే మనిషి, బల్ల మీద తడిబట్టలా ఒరిగిపోయి ఉన్నాడు. డాక్టరు రబ్బరు సంచి ఒత్తినప్పుడల్లా ఆయన ఛాతీ లేచేది. అప్పటిదాకా ఆయన మీదున్న కోపమంతా ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. ఆ సంచి కేసే చూస్తూ నిలబడ్డాను.

ఆపరేషన్ అయ్యాక ఆయన తెలివిలోకి వచ్చేదాకా పక్కనే ఉండటం నా పని. పెద్ద సిస్టర్ మాకు ఒకటే నూరిపోసేది. ఈ మందు పట్టు పూర్తిగా వదిలేదాకా రోగికి మెడా నీదే, చేతులూ నీవే, పక్కనుంచి కదిలావో చూసుకో అనేది. నాలుక వెనక్కి పడకుండా దవడ ఎత్తిపట్టాలి, ఛాతీ కదలిక చూస్తూ ఉండాలి, తల ఎత్తి నిలపగలడా, చేయి గట్టిగా పట్టగలడా అని పరీక్షించాలి. నేను దవడ పట్టుకుని మామ చెవి దగ్గర అరుస్తూనే ఉన్నాను. "మామా, ఊపిరి తీసుకో. గట్టిగ తీసుకో. ఇగో, నా చెయ్యి పట్టు." ఆయన మధ్యమధ్య తూగిపోతుంటే చెంప మీద తట్టాను. ఒకటి రెండు తట్లు కాస్త చప్పుడయ్యే ఉంటాయి. మేం అందరినీ అలాగే లేపేవాళ్లం. చివరికి కళ్లు తెరిచాడు. ఆయనకు మొదట కనబడింది తన మీదికి వంగి, దవడ పట్టుకుని, చెంప మీద కొడుతున్న మేనకోడలు.

అసలు గొడవ మర్నాడు పొద్దున మొదలైంది. లేపి నాలుగడుగులు వేయించమన్నారు. మామ మంచం మీద లేచి కూర్చోబోయి "అమ్మా" అని వెనక్కి పడ్డాడు. కుట్ల దగ్గర నొప్పి అనుకుని దిండు పెట్టబోయాను. "కుట్లు గావు. మెడ నొస్తుంది. భుజాలు, పక్కటెముకలు, పిక్కలు, ఒళ్లంత నొస్తుంది. ఎవలో నన్ను కుళ్లబొడిసిన్రు" అన్నాడు. వార్డంతా వినబడింది. అత్త, అమ్మ, మామ తమ్ముడైన చిన్నమామ అప్పుడే టిఫిన్ డబ్బాతో వచ్చి గుమ్మంలో ఉన్నారు. అందరూ ఒక్కసారే నా వైపు చూశారు.

"తెలివొచ్చేటప్పటికి గీ పోరి నా చెంప మీద కొడుతుండె. అది మాత్రం నాకు గుర్తున్నది" అన్నాడు మామ నెమ్మదిగా.

"ఎనకటి దినాన ఏమన్నదో యాదికున్నదా?" అన్నది అత్త. "మనం ఏం జేసినా ఆ మనిషికి తెల్వదన్నది. నడి వాకిట్ల నిలవడి జెప్పింది. అందరం ఇన్నం."

నేను ఇచ్చిన ఉపన్యాసం ఒక్క అక్షరం పోకుండా నాకే అప్పజెప్పింది. చాయ్ తాగకుండా వెళ్లిపోయిన సంగతి, షెడ్డులో పులి మాట కూడా అందులో కలిసిపోయాయి. కారణం ఉంది, అవకాశం ఉంది, చెంపదెబ్బకు సాక్ష్యం ఉంది. ఇక మిగిలింది మచ్చలు వెతకడం. చిన్నమామ మగ్గం దిగిన ప్రతి చద్దరునూ పరీక్షించే మనిషి. నేతలో ఒక్క పోగు తప్పినా ఆయన కంటికి దొరికిపోతుంది. అన్నను కిటికీ దగ్గరికి తిప్పి, చొక్కా ఎత్తి, వెలుతురుకు అటొకసారి ఇటొకసారి పెట్టి వీపంతా వెతికాడు. తర్వాత భుజాలు, తర్వాత పిక్కలు. మామ ఓర్చుకుంటూ తిరిగాడు. ఎక్కడా ఒక్క మచ్చ లేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

"మచ్చ లేదు" అన్నాడు చిన్నమామ, ఆలోచిస్తూ. "అంటే తడి నూలు తోటి కొట్టి ఉంటది. అద్దకం కాడ నూలు కట్టలు, లడీలు, గుంజకేసి జాడిస్తం సూడు, గట్ల తడి లడీ తోటి కొడితే మచ్చ పడది, లోపట మాత్రం మంట లేస్తది."

"ఆపరేషన్ థియేటర్ల నూలు లడీలు యాడికెల్లి వస్తయి చిన్నమామా" అన్నాను. నా మాట ఎవరూ పట్టించుకోలేదు. అమ్మ ఒక్కతే నా పక్షాన నోరు విప్పింది. "ఒరే, కోపంతోటి కొట్టేటోళ్లు గింత సమానంగ కొడ్తర్రా? మెడ కాడికెల్లి పిక్కల దాక ఒక్క తీరుగ కొట్టొస్తదా ఎవలికన్న?" అన్నది. మంచి ప్రశ్న. మామ కూడా ఒక్క క్షణం ఆలోచనలో పడ్డాడు. చిన్నమామ వెంటనే అందుకున్నాడు. "ట్రైనింగ్ అయితుంది గదక్కా" అన్నాడు.

నవ్వుకునే సంగతి కాదది నాకు. రోగి మీద చెయ్యి చేసుకుందని ఒక్క మాట పెద్ద సిస్టర్ చెవిన పడితే నేను ఆ గుమ్మంలోంచి మళ్లీ లోపలికి రాను. మూడేళ్ల చదువు గంగపాలు. చిన్నమామ అప్పుడే ఆఫీసుకు వెళ్లి చెబుతానని లేచాడు కూడా. మామ ఆపాడు. "మన పోరి ముచ్చట మన ఇంట్ల తెంపుకుందాం. బయటోళ్లకెందుకు" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది గాని ఎంతసేపని. ఇంట్లో తెంపేది ఎవరో నాకు తెలుసు. ఆవిడ టిఫిన్ డబ్బా మూత పెడుతూ నన్నే చూస్తోంది.

మధ్యాహ్నం పూనా డాక్టరు రౌండ్‌కి వచ్చాడు. ఆయనకు ఈ రామాయణం తెలియదు. మామ మెడ తిప్పలేకపోవడం చూసి "దుఖతంయ్ కా?" అంటూ నొస్తోందా అని అడిగాడు. ఒళ్లంతా నొస్తోందట అని నేనే చెప్పాను. డాక్టరుకు కోపం రాలేదు సరికదా భలే సంతోషమేసింది. మంచం అంచున కూర్చుని మరాఠీలో విడమరచి చెప్పాడు. ఆ సూదిమందు కండలను వదులు చేసేముందు ఒక్కసారి వాటన్నిటినీ అదిలిస్తుంది, ఆ అదురుకే మర్నాడు ఇలా నొప్పులు వస్తాయి, గట్టి ఒళ్లున్న మగవాళ్లకూ, లేచి త్వరగా నడిచేవాళ్లకూ ఎక్కువ వస్తాయి, రెండు మూడు రోజుల్లో వాటంతట అవే పోతాయి, ఎన్నడూ వ్యాయామం చేయనివాడు ఒకరోజు తాలీంఖానాలో దండీలు తీస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట అన్నాడు. నేను ఒక్కో వాక్యాన్నీ తెలుగు చేసి, కావలసినచోట ఇంకాస్త గట్టిగా, అత్తకూ చిన్నమామకూ వినబడేలా చెప్పాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ పాఠమూ అప్పజెప్పలేదు.

మామ అంతా విన్నాడు. డాక్టరు ముఖం చూశాడు, నా ముఖం చూశాడు. తర్వాత తాపీగా, "నాకేం సమజ్ కాలే" అన్నాడు. "సూది ఇచ్చింది చేతికి. పిక్కలెందుకు నొస్తయి? డాక్టర్‌సాబ్ తన నర్సును యెనకేసుకొస్తుండు. కొట్టింది కొట్టినట్టే." డాక్టరుకు తెలుగు రాదు కనుక చిరునవ్వుతో తలాడించి వెళ్లిపోయాడు. నేను వరండాలోకి వచ్చి స్తంభం చాటున ఏడ్చాను. ఆయన మీద ఎంత కోపం వచ్చిందంటే, నిజంగానే రెండు తగిలించి ఉంటే బాగుండేదనిపించింది.

అయినా పని తప్పదు కదా. ఆ రెండు రోజులూ వేడినీళ్ల సీసా గుడ్డలో చుట్టి ఆయన భుజాలకు కాపడం పెట్టాను, దిండ్లు మార్చాను, మెల్లగా భుజాలు తిప్పించాను, చేయి పట్టి నడిపించాను. ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మాత్రం చూడవచ్చిన ప్రతివాడికీ తన బాధ వర్ణించాడు. వర్ణించేకొద్దీ దెబ్బలు పెరిగాయి. మొదటిరోజు చెంపదెబ్బ, రెండోరోజుకు గుద్దులు. జోడ్‌భావి పేట నుంచి వచ్చిన చుట్టాల దగ్గరికి వచ్చేసరికి నేను బల్ల ఎక్కి మోకాలితో కూడా పొడిచానట. "సన్నగ కనవడ్తది గాని, దాని చెయ్యి ఇనుప చెయ్యి" అని కళ్లు మూసుకుని చెప్పేవాడు. అవ్వలూ అక్కలూ నన్ను చూసి చీర కుచ్చెళ్లు సర్దుకుని దారి ఇచ్చేవారు.

ఇంటికి వెళ్లే ముందురోజు అత్త నన్ను వరండాలోకి పిలిచింది. ఇక తీర్పే అనుకున్నాను. ఎప్పుడూ నన్ను పేరు పెట్టి పిలవని మనిషి, "బిడ్డా" అన్నది. అనుమానం వేసింది. "గా పెండ్లి ముచ్చట... జల్ది ఏమున్నది. నీ సదువేదో కానీ. కోపంల ఇంటికొస్తే ఏం బాగుంటది? ఈ ఏడాది నిమ్మలంగ సదువుకో. నీ మనసు సల్లవడ్డంక అప్పుడే సూసుకుందాం. మా పిలగాడు జర నాజూకు మనిషి" అన్నది. ఆవిడ తన నోటితో, ఎవరూ అడగకుండా, ఏడాది గడువు ఇచ్చి వెళ్లిపోయింది.

పరుగెత్తుకుంటూ వార్డులోకి వచ్చాను. మామ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, పక్కన ఎవరూ లేరు. నేను ఏదో అనబోతుంటే ఆయనే గొంతు తగ్గించి అడిగాడు. "ఏమన్నది మీ అత్త?"

చెప్పాను. ఆయన ముఖంలో నవ్వు మెల్లగా పాకింది. నవ్వితే పక్కటెముకలు నొచ్చి మళ్లీ ఆపుకున్నాడు.

"డాక్టరు చెప్పింది నీకు అర్థమయ్యిందా మామా?" అన్నాను.

"షోలాపూర్ల పుట్టి పెరిగిన. ఇరవై ఏండ్ల సంది మరాఠోళ్లతోటి చద్దర్ల బేరం జేస్తున్న. నువ్వు జెప్పకముందే అర్థమయింది. నువ్వే నడుమల రెండు ముక్కలు ఇడిసిపెట్టినవ్" అన్నాడు. "మరి గట్లెందుకు అన్నవు" అని అడిగాను. ఆయన గుమ్మం వైపు ఒకసారి చూసి చెప్పాడు. "సూది మందే అని ఒప్పుకుంటే ఏమైతది? వైశాఖంల పెండ్లి అయితది. మీ అత్తకు ఎదురు జెప్పే దమ్ము నాకు లేదు బిడ్డా, నువ్వన్నది నిజమే. పోరి కొట్టింది అంటే మాత్రం ఆమెనే ఆగుతది అనుకున్న."

ఆయనే మళ్లీ అన్నాడు, ఈసారి నా వైపు చూడకుండా. "తెలివొచ్చేటప్పుడు నాకు ఒంట్ల బలం లేకుండె. రెప్ప ఎత్తుదామంటే లేస్తలేదు. సచ్చిపోయిన అనుకున్న, ఒట్టు. గప్పుడు నీ గొంతు ఇనొచ్చింది. ఊపిరి తీసుకో మామా అన్నవు, తీసుకున్న. మళ్ల అన్నవు, మళ్ల తీసుకున్న. నువ్వు అంటుంటేనే నేను తీసుకున్న బిడ్డా. గసొంటి మనిషిని తీస్కపోయి కండెలు చుట్టనీకి కూసోబెడ్తనా నేను?"

నేను ఏడ్చేశాను. ఆయన కంగారుపడి, "ఏడ్వకే, ఎవలన్న జూస్తే కొట్టి పశ్చాత్తాప పడ్తుందంటరు" అన్నాడు.

చదువు పూర్తి చేశాను. పెళ్లీ అయింది, అత్తింట్లో ఉంటూనే ఉద్యోగం చేశాను. అత్త నాకు ఏ పని చెప్పినా చివర "తీరితేనే" అని కలిపేది. మామ చనిపోయేదాకా ఆ దెబ్బల కథ చెబుతూనే ఉన్నాడు, నేను కాదనలేదు. ఆ తర్వాత ఎందరో రోగులను ఆ మత్తులోంచి లేపాను, ఎందరికో ఊపిరి తీసుకోమని చెవిలో చెప్పాను. ఇప్పుడు నేను ఆనాటి మామ కన్నా చాలా పెద్దదాన్ని. స్తంభం చాటున ఏడుస్తూ, మా వాళ్లకు నా విలువ ఎప్పటికీ తెలియదనుకున్న ఆ బక్కపిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, ముద్దొస్తుంది కూడా. గోడకు అటువైపు ఒక మనిషి నొప్పులు ఓర్చుకుంటూ తన కోసమే అబద్ధం చెబుతున్నాడని దానికి తెలియదు పాపం.